తక్కువ ధర ఎలక్ట్రిక్ సైకిల్: ఎంచుకోవడం, బిగించడం, తొక్కడం, బాగుచేసుకోవడం

తక్కువ ధర ఎలక్ట్రిక్ సైకిల్‌లో మోటార్ చెడిపోవడం అరుదు. చెడిపోయేవన్నీ దాని చుట్టూ ఉండేవే: వదులైన ఇరుసు నట్టు, తెగిన చువ్వ, నీళ్లు చేరిన కనెక్టర్, అరిగిన బ్రేక్ ప్యాడ్, ఛార్జింగ్ సరిగ్గా పెట్టని బ్యాటరీ. ఖరీదైన సైకిల్‌కి ప్రతి బోల్టూ సరిచూసి ఇస్తారు. ధర తగ్గిన చోట ఆ పని కొన్నవాళ్ల చేతికొస్తుంది. వారానికి పావుగంట కేటాయించగలిగితే తక్కువ ధర సైకిల్ కూడా ఏళ్ల తరబడి నమ్మకంగా నడుస్తుంది. ఆ పావుగంట ఎక్కడ పెట్టాలో చెప్పడమే ఈ మార్గదర్శి పని. ఇక్కడ చెప్పేది పెడళ్లున్న ఎలక్ట్రిక్ సైకిల్ గురించి, స్కూటర్ గురించి కాదు.

కొనే ముందు లెక్క

ప్రకటనల్లో మోటార్ వాట్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. మీరు చూడాల్సింది బ్యాటరీలో ఎన్ని వాట్ అవర్లు, అంటే ఎంత శక్తి నిల్వ ఉందన్నది. వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణిస్తే ఆ సంఖ్య వస్తుంది. 36 వోల్టులు, 10.4 ఆంపియర్ అవర్లయితే 374 వాట్ అవర్లు. 48 వోల్టులు, 13 అయితే 624.

ఇక ఖర్చు. చదునైన రోడ్డు మీద మీరూ తొక్కుతూ మోస్తరు సాయం తీసుకుంటే కిలోమీటరుకు 8 నుంచి 12 వాట్ అవర్లు పడుతుంది. పెడల్ ముట్టకుండా థ్రాటిల్ (హ్యాండిల్ మీది యాక్సిలరేటర్) మీదే వెళితే 15 నుంచి 20. అంటే అదే 374 వాట్ అవర్ల బ్యాటరీ ఒకరికి 35 కిలోమీటర్లు వస్తే, ఇంకొకరికి 20 దగ్గరే ఆగిపోతుంది. ఇద్దరి సైకిళ్లూ బాగున్నట్టే. తయారీదారు చెప్పే దూరం తేలికైన మనిషి, ఎదురుగాలి లేని చదును రోడ్డు, అతి తక్కువ సాయం అనుకుని వేసిన లెక్క.

రోజూ పోయి రావడానికి 24 కిలోమీటర్లు అనుకోండి. కిలోమీటరుకు 12 చొప్పున 288 వాట్ అవర్లు. 374 బ్యాటరీ ఈరోజుకి సరిపోతుంది. కానీ కొన్నేళ్లకు దాని సామర్థ్యంలో పావు వంతు తగ్గితే మిగిలేది 280. అప్పుడు ఇల్లు చేరకముందే ఆగిపోతుంది. అందుకే రోజువారీ అవసరానికి ఒకటిన్నర రెట్లున్న బ్యాటరీ తీసుకోండి.

మోటార్ మూడు రకాలు. చక్రం మధ్యలో చిన్నగా ఉండేది గేర్లున్న హబ్ మోటార్. లోపల నైలాన్ పళ్ల చక్రాలు, ఒకవైపే తిరిగే క్లచ్ ఉంటాయి. బ్యాటరీ అయిపోయినా మామూలు సైకిల్‌లా తొక్కుకుంటూ రావచ్చు. తక్కువ ధరలో ఇదే మంచి ఎంపిక. గేర్లు లేని పెద్ద హబ్ మోటార్ బరువెక్కువ. బ్రేక్ వేసినప్పుడు కొంత కరెంటు వెనక్కి ఇవ్వగలదు, కానీ కరెంటు లేనప్పుడు తొక్కితే లాగినట్టుంటుంది. మూడోది పెడళ్ల దగ్గర కూర్చునే మిడ్ మోటార్. ఎత్తులు బాగా ఎక్కుతుంది, కాకపోతే దాని బలమంతా చైను మీదుగా వెళ్లడంతో చైనూ, పళ్ల చక్రాలూ త్వరగా అరుగుతాయి.

లెడ్ యాసిడ్ బ్యాటరీతో వచ్చేవి ఇంకా దొరుకుతున్నాయి. బరువెక్కువ, ఖాళీగా వదిలేస్తే లోపలి పలకలకు సల్ఫేట్ పొర పట్టి పనికిరాకుండా పోతుంది. వద్దు. లిథియం తీసుకునేటప్పుడు యూఎల్ 2849, లేదా ఐరోపా ఈఎన్ 15194 ప్రమాణం ముద్ర ఉందేమో చూడండి. మొదటిది సైకిల్ మొత్తం విద్యుత్ వ్యవస్థ భద్రతకు సంబంధించింది, విడిగా బ్యాటరీకి యూఎల్ 2271 ఉంటుంది. మోటార్ బలం, వేగం మీద చట్టపరమైన పరిమితి దేశాన్ని బట్టి మారుతుంది. యూరోపియన్ యూనియన్‌లో 250 వాట్లు, గంటకు 25 కిలోమీటర్లు దాటితే దాన్ని సైకిల్‌గా లెక్కించరు. మీరుండే చోటి పరిమితి ముందే తెలుసుకోండి.

పాతది కొంటుంటే బ్యాటరీ తయారైన తేదీ అడగండి, రెండు తాళంచెవులూ అడగండి. పూర్తి ఛార్జింగ్‌తో కనీసం పది కిలోమీటర్లు తొక్కి, ఒక ఎత్తు కూడా ఎక్కించి చూడండి. బలహీనమైన బ్యాటరీ ఎత్తు మీదే దొరికిపోతుంది.

పెట్టె విప్పాక

కావలసినవి: ఎలెన్ కీలు (4, 5, 6, 8 మి.మీ.), 15, 18 మి.మీ. పానాలు, టీ25 స్టార్ కీ, గ్రీజు, నీలం రంగు థ్రెడ్‌లాకర్ (మర వదులవకుండా పట్టే జిగురు), గాలి పంపు.

1. పెడళ్లు బిగించండి. ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. గుర్తు ఒకటే: రెండు వైపులా పానా పై చివరను సైకిల్ ముందువైపుకి తిప్పితే బిగుస్తుంది. మరలకు గ్రీజు రాసి, ముందు చేత్తోనే నాలుగు చుట్లు తిప్పండి. చేత్తో సాఫీగా తిరగకపోతే మర అడ్డంగా పట్టినట్టు. పానా వేయకుండా తీసి మళ్లీ పెట్టండి.

2. హ్యాండిల్ పట్టే స్టెమ్ బోల్టులను విడతలవారీగా, ఒకటి విడిచి ఒకటిగా బిగించండి. 5, 6 న్యూటన్ మీటర్ల (బిగింపు బలాన్ని కొలిచే ప్రమాణం) బిగింపు చాలు. తర్వాత ముందు బ్రేక్ పట్టుకుని సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. మెడ దగ్గర టకటకమంటే హెడ్‌సెట్, అంటే మెడలోని బేరింగుల జత, వదులుగా ఉన్నట్టు.

3. మోటార్ ఉన్న చక్రం ఇరుసు నట్టులు. మొత్తం సైకిల్‌లో ఇంతకంటే ముఖ్యమైన బోల్టు లేదు. హబ్ మోటార్ చక్రాన్ని ముందుకి తిప్పుతుంటే ఇరుసు వెనక్కి తిరగాలని చూస్తుంది. దాన్ని ఆపేది ఇరుసు మీది చదునైన ముఖాలు, ఫ్రేమ్ గాడిలో కూర్చునే కొక్కెం వాషరు, నట్టు బిగింపు, అంతే. వదులైతే ఇరుసు గిర్రున తిరిగి, అందులోంచి బయటికొచ్చే వైరును మెలిపెట్టి తెంపేస్తుంది. లోపలి వైర్లు ఒకదానికొకటి తగిలి, మోటార్‌కి కరెంటు అందించే కంట్రోలర్ కాలిపోతుంది. చక్రమే ఊడి రావచ్చు. 40 న్యూటన్ మీటర్లు కావాలి. బిగింపు కొలిచే పానా, అంటే టార్క్ రెంచ్, లేకపోతే, 20 సెంటీమీటర్ల పానా చివర 20 కిలోల బరువు మోపినంత బలంతో నొక్కండి. వాషరు కొక్కెం గాడిలో కూర్చుందా, వైరు కిందివైపుకి వస్తోందా చూడండి. ఇరుసు తిరగకుండా ఫ్రేముకు పట్టి ఉంచే లోహపు పట్టీ, అంటే టార్క్ ఆర్మ్, లేకపోతే ఒకటి కొని పెట్టడం మంచిది. ముందు చక్రంలో మోటార్ ఉంటే తప్పనిసరి.

4. డిస్క్ ప్లేటు ఆరు స్క్రూలు టీ25తో ఒక్కొక్కటీ తీసి, మరకు ఒక చుక్క థ్రెడ్‌లాకర్ వేసి మళ్లీ బిగించండి. ఫ్యాక్టరీలో వేశారని నమ్మకండి.

5. క్రాంక్ (పెడల్ తగిలించి ఉండే చేయి) బోల్టులు, ముఖ్యంగా ఎడమది. చదరపు ఇరుసు మీద కూర్చునే ఈ చేయి మొదటి వంద కిలోమీటర్లలో వదులవ్వచ్చు. వదులుగానే తొక్కితే ఉక్కు ఇరుసు అల్యూమినియం రంధ్రాన్ని గుండ్రంగా తొలిచేస్తుంది. ఆ తర్వాత ఎంత బిగించినా నిలవదు, చేయి మార్చాల్సిందే. ప్రతి తొక్కుకీ ఒకసారి టక్ మని శబ్దం వస్తే వెంటనే దిగి చూడండి.

బ్రేకు సరిచేయడం

తక్కువ ధర సైకిళ్లలో సాధారణంగా కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులుంటాయి. చాలావాటిలో బయటి ప్యాడ్ ఒక్కటే కదులుతుంది, అది ప్లేటును కొద్దిగా వంచి లోపలి ప్యాడ్‌కి అదుముతుంది. ఈ సంగతి తెలియక చాలామంది ప్యాడ్ అరిగేకొద్దీ కేబుల్‌నే లాగి బిగిస్తూ పోతారు. కొన్నాళ్లకు క్యాలిపర్ (ప్యాడ్లను పట్టి ఉంచే భాగం) మీది చేయి చివరిదాకా వెళ్లి ఇక కదలదు. లీవర్ బిగుతుగా అనిపిస్తుంది, సైకిల్ మాత్రం ఆగదు.

సరైన వరుస ఇది. క్యాలిపర్ రెండు బోల్టులూ కాస్త వదులు చేయండి. చక్రం వైపున్న స్క్రూ తిప్పి లోపలి ప్యాడ్‌ను ప్లేటుకు దాదాపు తాకేలా తెండి. బ్రేక్ లీవర్ గట్టిగా పట్టుకుని, ఆ పట్టు వదలకుండా రెండు బోల్టులూ కొంచెం కొంచెంగా బిగించండి. వదిలి చక్రం తిప్పండి. రాపిడి వినిపిస్తే లోపలి స్క్రూను పావు చుట్టు వెనక్కి తీయండి. కేబుల్ సవరణ ఆఖరున.

కొత్త ప్యాడ్లు మొదట సరిగా పట్టవు. 25 కిలోమీటర్ల వేగం నుంచి నడక వేగానికి, చక్రం జారకుండా, ఇరవై సార్లు తగ్గించండి. ప్యాడ్ మీది పదార్థం ఒక మిల్లీమీటరుకు తగ్గితే మార్చేయండి. చైను నూనె చుక్క ప్లేటు మీద పడితే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. ప్యాడ్ పీల్చుకుంటే మాత్రం అది ఇక పనికిరాదు.

మొదటి 150 కిలోమీటర్ల తర్వాత

చువ్వలు చూడండి. పెన్సిల్‌తో ఒక్కొక్క చువ్వనీ మీటండి. బిగుతుగా ఉన్నది టింగుమంటుంది, వదులైనది మందంగా మోగుతుంది. హబ్ మోటార్ చక్రాల్లో తరచూ 2.6 మిల్లీమీటర్ల లావు చువ్వలు వేస్తారు. లావుంటే బలమని అనుకుంటాం. కానీ లావు చువ్వ సాగదు. రిమ్ము గుంతలో పడి కాస్త నొక్కుకున్నప్పుడు దాని బిగువు పూర్తిగా పోయి, నిపుల్ (చువ్వను రిమ్ముకు పట్టే చిన్న నట్టు) తనంతట తానే మర విప్పుకుంటుంది. ఒకటి వదులైతే పక్కవాటి మీద భారం పడి అవి తెగుతాయి. వదులైన వాటిని ఒకసారికి పావు చుట్టు చొప్పున బిగించండి. ఫ్రేముకు ఒక ప్లాస్టిక్ టై కట్టి, దాని కొన రిమ్ముకు దగ్గరగా ఉండేలా కత్తిరిస్తే రిమ్ము వంకర ఎక్కడుందో తెలిసిపోతుంది. ఇరుసు నట్టులు, క్రాంక్ బోల్టులు, స్టెమ్ మళ్లీ ఒకసారి బిగించి చూడండి. ఆ తర్వాత నెలకోసారి చాలు.

గాలి మాత్రం వారం వారం. ఎంత పట్టాలో టైరు పక్కనే ముద్రించి ఉంటుంది. గాలి తగ్గితే దూరమూ తగ్గుతుంది, గుంతలో ట్యూబు రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి పాము కాటులా రెండు రంధ్రాలు పడతాయి.

బ్యాటరీ

సైకిల్ ధరలో పెద్ద భాగం ఇదే, ప్రమాదం జరిగితే పెద్ద ప్రమాదమూ ఇదే. కాబట్టి ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి.

36 వోల్టుల బ్యాటరీలో పది సెల్ వరుసలుంటాయి, 48లో పదమూడు. ఒక్కో సెల్ నిండుగా 4.2 వోల్టులు. అందుకే నిండిన 36 బ్యాటరీ 42 వోల్టులు, నిండిన 48 బ్యాటరీ 54.6 చూపిస్తుంది. డిస్‌ప్లే మీది గీతలు ఎత్తు ఎక్కుతుంటే పడిపోయి, ఆగితే మళ్లీ లేస్తాయి. బండి ఆపి రెండు నిమిషాల తర్వాత వోల్టేజి చూస్తే నమ్మవచ్చు. 36 బ్యాటరీకి 39 అంటే సుమారు ముప్పావు వంతు, 37 అంటే సగం దరిదాపు, 35 అంటే దాదాపు ఖాళీ.

ఛార్జర్ విషయంలో రాజీ వద్దు. 48 వోల్టుల లెడ్ యాసిడ్ ఛార్జర్, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (మరో రకం లిథియం బ్యాటరీ) ఛార్జర్ రెండూ 58 వోల్టుల పైకి వెళతాయి. మామూలు లిథియం బ్యాటరీకి గరిష్ఠం 54.6. ప్లగ్గు మాత్రం ఒకేలా ఉండి చక్కగా దూరుతుంది. లోపలి రక్షణ సర్క్యూట్, అంటే బీఎంఎస్, ఆపుతుందని దాని మీద భారం వేయకండి. ఛార్జర్ మీద ముద్రించిన అవుట్‌పుట్ వోల్టేజి చదివాకే పెట్టండి. ఇంట్లో రెండు రకాలుంటే ఛార్జర్లకూ బ్యాటరీలకూ రంగు టేపు చుట్టండి.

- తొక్కి వచ్చిన వెంటనే కాకుండా, అరగంట చల్లారనిచ్చి ఛార్జింగ్ పెట్టండి. సున్నా డిగ్రీల కంటే చల్లటి చోట అసలు పెట్టొద్దు. లోపల లిథియం లోహంగా పేరుకుని సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది.
- 10.4 ఆంపియర్ అవర్లకు 2 ఆంపియర్ల ఛార్జర్‌తో ఐదారు గంటలు. మీరు మెలకువగా, ఇంట్లో ఉండగానే పెట్టండి. గచ్చు నేల మీద, పరుపులకూ కర్టెన్లకూ దూరంగా. బయటికి వెళ్లే దారిలో మాత్రం పెట్టకండి. మంటలొస్తే మీరు పారిపోవాల్సిన దారి అదే.
- రోజువారీ వాడకానికి 80, 90 శాతం చాలు. నెలకోసారి నిండుగా పెట్టి, ఆకుపచ్చ లైటు వచ్చాక కూడా గంట, రెండు గంటలు ఉంచండి. చాలా బీఎంఎస్‌లు నిండే చివర్లోనే సెల్ వరుసలను సమం చేస్తాయి.
- కొన్నాళ్లు వాడనప్పుడు సగం ఛార్జింగ్‌తో చల్లని చోట పెట్టి, నెలకో రెండు నెలలకో ఒకసారి వోల్టేజి చూడండి. ఖాళీగా వదిలేస్తే బీఎంఎస్ తాగే కొద్దిపాటి కరెంటే సెల్‌ను అట్టడుగుకు దింపేస్తుంది. అలా చచ్చిన బ్యాటరీని బలవంతంగా లేపడం ప్రమాదం.

పెట్టె ఉబ్బినా, గట్టిగా కిందపడినా, నీళ్లలో మునిగినా, ఊరికే ఉన్నప్పుడు వేడిగా ఉన్నా, తియ్యటి రసాయన వాసన వచ్చినా ఛార్జింగ్ పెట్టొద్దు, ఇంట్లో ఉంచొద్దు. బుసలు కొట్టే శబ్దం, పొగ వస్తే దాన్ని ఎత్తడానికి ప్రయత్నించకుండా అందరినీ బయటికి తీసుకెళ్లి అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేయండి.

తొక్కే పద్ధతి

చాలా చౌక సైకిళ్లలో ఉండేది పెడల్ తిరుగుతోందా లేదా అని మాత్రమే చూసే సెన్సార్. ఎంత బలంగా తొక్కుతున్నారో దానికి తెలియదు. అందుకే తొక్కడం మొదలుపెట్టిన కాస్సేపటికి మోటార్ అందుకుంటుంది, ఆపాక కూడా ఒక క్షణం తోస్తుంది. ఇరుకు మలుపుకు ముందే పెడల్ ఆపండి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు పెడల్ మీద కాలు పెట్టి ఊపొద్దు, బ్రేక్ లీవర్ కాస్త పట్టుకుని ఉంచండి. లీవర్‌లోని స్విచ్ మోటార్‌కి కరెంటు ఆపేస్తుంది.

ఆగేముందే తేలిక గేరుకు మారండి. నిమిషానికి 60 నుంచి 80 చుట్లు తిరిగేలా తొక్కితే మీ మోకాళ్లకీ బ్యాటరీకీ మంచిది.

వేగం ఖరీదైనది. గాలిని చీల్చడానికి కావలసిన వాట్లు వేగం ఘనంతో పెరుగుతాయి. 25 నుంచి 32కి వెళితే గాలి కోసమే రెండింతలకు పైగా వాట్లు కావాలి. బ్యాటరీ చాలదేమో అనిపించిన రోజు వేగం ఐదు కిలోమీటర్లు తగ్గించడం కంటే మంచి ఉపాయం లేదు. ఆగేటప్పుడు లెక్క వేగం వర్గంతో పెరుగుతుంది. 32 దగ్గర బ్రేకు మింగాల్సిన శక్తి 25 దగ్గరకంటే అరవై శాతానికి పైగా ఎక్కువ.

ఎత్తు దగ్గర హబ్ మోటార్‌కి ఒక బలహీనత ఉంది. మనిషీ సైకిలూ కలిపి 100 కిలోలైతే, 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి కావలసింది 27 వాట్ అవర్లే. కానీ చక్రం నెమ్మదించేకొద్దీ మోటార్ తీసుకునే కరెంటులో ఎక్కువ భాగం వేడిగా మారుతుంది. వేగం పది కిలోమీటర్లకు తగ్గి, థ్రాటిల్ నిండా తిప్పి పట్టుకుని ఎక్కించడమే నైలాన్ గేర్లు మెత్తబడటానికీ, మోటార్ లోపలి తీగ చుట్లు కాలడానికీ దారి. ఎత్తుకు ముందే ఊపు తీసుకోండి, తేలిక గేరులో మీరూ తొక్కండి. అప్పటికీ పాకుతుంటే దిగి నడిపించండి.

వాన, కడుగుడు

జల్లులో తొక్కవచ్చు, మోకాలి లోతు నీళ్లలో వద్దు. ప్రెజర్ వాషర్‌తో అస్సలు కడగొద్దు. ఆ నీటి దెబ్బ రబ్బరు సీళ్లను దాటి బేరింగుల్లోకీ, కనెక్టర్లలోకీ దూరుతుంది. బ్యాటరీ తీసి పక్కనబెట్టి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. వైర్లు కంట్రోలర్‌లోకి దూరే ముందు కాస్త కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా కట్టండి. నీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. కనెక్టర్ల అంచుకు డైఎలెక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) పూయండి.

మోటార్ చక్రానికి పంక్చర్

చాలా సందర్భాల్లో చక్రం ఊడదీయక్కర్లేదు. టైరు తిప్పి చూసి మేకు ఎక్కడుందో కనిపెట్టండి. అక్కడ ఒక పక్క అంచు మాత్రం లీవర్లతో బయటికి తీసి, ట్యూబు ఆ భాగం లాగి, గరుకు కాగితంతో రుద్ది, జిగురు ఆరాక అతుకు వేయండి. టైరు లోపల వేలితో తడమండి, ముల్లు అక్కడే ఉండిపోతే మళ్లీ గుచ్చుకుంటుంది.

ట్యూబు మార్చాల్సిందే అయితే: పవర్ ఆపి బ్యాటరీ తీయండి. వాషర్లు ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీసుకోండి. వైరు మీది టైలు కత్తిరించి, మోటార్ కనెక్టర్‌ను మెలితిప్పకుండా తిన్నగా లాగండి. 18 పానాతో నట్టులు తీయండి. మళ్లీ పెట్టేటప్పుడు కనెక్టర్ మీది రెండు బాణాలు ఎదురెదురుగా రావాలి. తప్పుగా నొక్కితే లోపలి సన్న పిన్నులు వంగిపోతాయి. అందుకే బయటికెళ్లేటప్పుడు పంపు, లీవర్లతో పాటు 18 పానా, నాలుగు టైలు, చిన్న కత్తెర వెంట ఉంచుకోండి.

ఆగిపోతే ఎక్కడ వెతకాలి

డిస్‌ప్లే వెలుగుతోంది, మోటార్ కదలదు. మొదట బ్రేక్ లీవర్ల స్విచ్ వైర్లు ఒక్కొక్కటీ విడదీసి చూడండి. లీవర్ పూర్తిగా వెనక్కి రాకపోతే మోటార్ ఆగే ఉంటుంది. కారణం అదే అయితే లీవర్‌కు నూనె వేసి వైరు మళ్లీ కలపండి. తర్వాత పెడల్ సెన్సార్: అయస్కాంతాల బిళ్ల నుంచి సెన్సార్ కొన్ని మిల్లీమీటర్లకు మించి జరిగితే అది పసిగట్టలేదు. థ్రాటిల్ సిగ్నల్ వైరు మీద మల్టీమీటర్ పెడితే వదిలినప్పుడు ఒక వోల్టు దగ్గర, నిండా తిప్పినప్పుడు నాలుగు దగ్గర ఉండాలి.

మోటార్ గుడుగుడుమని వణికి, చేత్తో తోస్తే తిరుగుతుంది. ఇది హాల్ సెన్సార్ (మోటార్ ఏ స్థితిలో ఉందో కంట్రోలర్‌కి చెప్పేది) పోయిన లక్షణం, లేదా కనెక్టర్‌లో పిన్ను జారినట్టు. సన్న వైర్లలో ఎరుపు, నలుపు మధ్య 5 వోల్టులు ఉండాలి. గేర్లున్న మోటార్ లోపల తిరగాలంటే చక్రాన్ని వెనక్కి తిప్పాలి. అలా నెమ్మదిగా తిప్పుతూ చూస్తే పసుపు, ఆకుపచ్చ, నీలం వైర్లు మూడూ 0 నుంచి 5కి మారుతూ ఉండాలి. మారనిది ఏదో దాని సెన్సార్ పోయినట్టు.

ఎత్తు ఎక్కుతుండగా మొత్తం ఆరిపోయి, ఆపి మళ్లీ వేస్తే వస్తుంది. ఒక సెల్ వరుస బలహీనపడి, భారం పడగానే దాని వోల్టేజి కింది హద్దు దాటుతోంది, బీఎంఎస్ బ్యాటరీ మొత్తాన్నీ మూసేస్తోంది. ముందు బ్యాటరీకీ సైకిల్‌కీ మధ్య తగిలే పిన్నులు నల్లబడ్డాయేమో చూసి శుభ్రం చేయండి. తర్వాత నిండుగా ఛార్జింగ్ పెట్టి రాత్రికాకుండా పగలు నాలుగైదు గంటలు కళ్లెదుటే ఉంచి, సమం అవుతుందేమో చూడండి. మళ్లీ అలాగే అయితే సెల్ వరుస పోయినట్టే. అతుకులేసిన బ్యాటరీలు కొనడం, ఒక వరుస మాత్రం మార్పించడం రెండూ వద్దు, పాత సెళ్ల మధ్య కొత్తది ఎప్పటికీ సమం కాదు. ఊరట ఏమిటంటే, పాతదాన్ని పారేసే ముందు దాని వోల్టేజి, పిన్నుల అమరిక, బిగించే పట్టాల కొలత రాసుకుంటే అదే ఫ్రేములో కూర్చునే కొత్తది వెతకడం తేలిక. పాతదాని పిన్నులకు టేపు అంటించి, మామూలు చెత్తలో వేయకుండా బ్యాటరీలు తీసుకునే రీసైక్లింగ్ కేంద్రానికి ఇవ్వండి.